లాజరస్ ఎత్తుకుపోయిన కప్పు

కెనడా వెళ్లొచ్చానని తెలియగానే అందరూ ముందు జలపాతం గురించే అడుగుతున్నారు. నేను చూడలేదు. అంత దూరం వెళ్లి అది చూడకుండా ఎలా వచ్చావని మా వీధిలో చాలామందికి నా మీద కోపంగా ఉంది. నేను వెళ్లింది ఒక ఫుట్‌బాల్ కప్పు కోసం. అక్కడ తగిలిన దెబ్బలకు జలపాతం సంగతే గుర్తు రాలేదు.

సికింద్రాబాద్‌లో మాది కప్పులు, షీల్డులు అమ్మే షాపు. మా నాన్న రాములు పెట్టాడు, ఆయన పోయాక నేను నడుపుతున్నాను. అమ్మేవి కొత్త కప్పులు, దాచుకునేవి పాతవి. మన ఊళ్లో ఫుట్‌బాల్ మ్యాచ్ కోసం జనం గోడలెక్కిన రోజుల నాటివి ఏవి కనిపించినా వదలను. ఫైనల్ మ్యాచ్ టికెట్ల ముక్కలు, లేసులు కట్టిన తోలు బంతి, ఒక రిఫరీ ఈల, మేకులు ఊడిన బూట్లు నా దగ్గర ఉన్నాయి. లేనిదల్లా మా నాన్న ఆడిన ఫైనల్ కప్పు.

నాన్న మిల్లు జట్టుకు గోలీ, అంటే గోలు కాపాడేవాడు. అరవై ఏళ్ల కిందటి ఆ ఫైనల్ డ్రా అయింది. మళ్లీ ఆడించారు, మళ్లీ డ్రా. చివరికి ఇద్దరినీ విజేతలుగా ప్రకటించి, కప్పు ఆరు నెలలు ఒకరి దగ్గర, ఆరు నెలలు ఇంకొకరి దగ్గర ఉండాలన్నారు. చీటీ వేస్తే ముందు వంతు అవతలి వర్క్‌షాపు జట్టుకు వచ్చింది. వాళ్ల కెప్టెన్ లాజరస్ కప్పు ఇంటికి తీసుకెళ్లాడు. ఆరు నెలలు గడిచాయి, కప్పు రాలేదు. మరుసటి ఏడు పోటీలే ఆగిపోయాయి. లాజరస్ ఊరు మారాడు, ముసలితనంలో పిల్లల దగ్గరికి కెనడా చేరాడు. ‘దొంగ లాజర్‌గాడు’ అనే మాట మా ఇంట్లో నేను అక్షరాలు దిద్దకముందే విన్నాను. నాన్న పోయేదాకా విన్నాను.

పాత ఫుట్‌బాల్ అభిమానులంతా ఫోన్లో ఫొటోలు పంచుకునే గ్రూపులో ఒకరోజు అద్దాల బీరువాలో ఆ కప్పు కనిపించింది. పెట్టింది లాజరస్ కొడుకు డేవిడ్, ఉండేది కెనడాలోని మార్కమ్‌లో. “నేను గోలీ రాములు కూతుర్ని. కప్పు మీ దగ్గరే ఉందా?” అని రాశాను. “ఉందండీ, ఎప్పుడొస్తున్నారు?” అని వెంటనే జవాబిచ్చాడు. నా కోసమే చూస్తున్నట్టున్న ఆ తొందర నాకు అర్థం కాలేదు. ఎంతకైనా కొనాలని నిశ్చయించుకుని బయలుదేరాను.

రిచ్‌మండ్ హిల్

మా చెల్లెలి కూతురు కీర్తి ఉండేది రిచ్‌మండ్ హిల్‌లో. పగలంతా టొరంటోలో ఆఫీసు, పొద్దునా సాయంత్రం రైలు. విమానాశ్రయం తలుపు తెరుచుకోగానే చలి మొహం మీద కొట్టింది.

“పెద్దమ్మా, జాకెట్ వేసుకో. మే అంటే మన మే కాదిక్కడ” అంది కీర్తి. వారం కిందట ఎండకు గొడుగేసుకుని తిరిగిన మనిషిని, పళ్లు కొట్టుకుంటూ కారెక్కాను.

నేను ఫుట్‌బాల్ సామాన్లు సేకరిస్తానని కీర్తి పక్కింటి పెద్దాయనతో చెప్పిందట. ఆయన పేరు గ్యారీ. తన దగ్గరా గది నిండా ఫుట్‌బాల్ సామాన్లున్నాయనీ, చూడటానికి రమ్మనీ మర్నాడే పిలిచాడు. పట్టుచీర కట్టుకుని మరీ వెళ్లాను. ఇంటి కింది గదిలో దీపం వేశాడు. ఒలిచిన కొబ్బరికాయల్లా రెండు కొసలూ మొనదేలిన బంతులు, ఇనుప కమ్మీలున్న హెల్మెట్లు, భుజాలకు కట్టుకునే అట్టలు. నేను చూడాలనుకున్న గుండ్రటి బంతి ఒక్కటీ లేదు. ఆ దేశంలో ఫుట్‌బాల్ అంటే చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆటట. మన ఆటకు వేరే పేరు, సాకర్.

“మరి ఇందులో కాలి పని ఎక్కడుంది?” అని అడిగాను.

గ్యారీ కాసేపు ఆలోచించి, “అప్పుడప్పుడు తంతాం” అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. వాళ్లావిడ వేడి బటర్ టార్ట్‌లు పెట్టింది. చిన్న గిన్నెంత పిండి రొట్టెలో బెల్లం పాకంలాంటిది పోసి కాలుస్తారు. కొరికితే పాకం గడ్డం మీదికి కారింది. చీర మీద పడ్డ మరక ఇప్పటికీ పోలేదు.

మార్కమ్: సంత

శనివారం డేవిడ్ మధ్యాహ్నం రమ్మన్నాడు. పొద్దున మార్కమ్‌లోనే ఒక హాల్లో ఆటల పాత వస్తువుల సంత ఉందని కీర్తి తీసుకెళ్లింది. ఈసారి గుండ్రటి బంతులు కనిపించాయి, ప్రాణం లేచొచ్చింది. ఆ ప్రాణం ఎక్కువసేపు నిలవలేదు.

మొదటి బల్ల మీద గాజుపెట్టెలో ఎండిన మట్టిపెళ్ల, దానిలో నాలుగు గడ్డిపోచలు. ఎక్కడో ఒక పెద్ద ఫైనల్ జరిగిన మైదానం నుంచి, గోలు ముందు భాగంలో తవ్వి తీసిందట. ధర చదివాను. మా షాపు నెల అద్దె కంటే ఎక్కువ. చిన్నప్పుడు నాన్న బూట్ల నుంచి అలాంటి మట్టి రోజూ గీకి పారేసిన చేతులివి. పక్క బల్ల మీద ఉతకని చొక్కా. చెమట మరకలు పోతాయేమోనని గాజు వెనక పెట్టి తాళం వేశారు. అమ్మేవాడు గర్వంగా, “ఒక్కసారి కూడా ఉతకలేదు” అన్నాడు.

ఇంకో బల్ల దగ్గర చైనా మూలాలున్న ఒక పెద్దావిడ పాత పతకాలు అమ్ముతోంది. ఒకటి నల్లబడి ఉంది. అలవాటు కొద్దీ చీర కొంగుతో రుద్దబోయాను. ఆవిడ లేచి నా మణికట్టు పట్టేసింది. చుట్టూ ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు.

“తుడవకు! ఆ నలుపే దాని వయసు. తుడిస్తే ఎవరూ కొనరు” అంది ఇంగ్లీషులో.

మా షాపుకు పాత కప్పు వస్తే ముందు చేసే పని మెరుగు పెట్టడం. నలుపు మిగిలితే నాన్న ఊరుకునేవాడు కాదు. నేను క్షమించమన్నాను. ఆవిడ నా చేయి వదిలి, ఫ్లాస్కులోంచి వేడి టీ పోసిచ్చింది. పాలు లేవు, పంచదార లేదు, అయినా ఆ చలికి బాగుంది.

మార్కమ్: డేవిడ్ ఇల్లు

డేవిడ్‌కు యాభై దాటి ఉంటాయి. అమెరికాలో కొన్నాళ్లు చేసి ఇక్కడికి మారిన సాఫ్ట్‌వేర్ మనిషి. వీధి తలుపు దగ్గరే రెండు చేతులూ జోడించాడు.

“రండి రండి సుజాత గారూ. డాడీ ఉంటే ఎంత సంతోషపడేవారో.”

దొంగ ఇంట్లో ఇంత మర్యాద నేను ఊహించుకోలేదు. లోపలికి చూశాను. హాల్లో అద్దాల బీరువా, వెనక గోడకు నిలువుటద్దం. దానికి ఆనించి కప్పు. వెండి పూత కొన్నిచోట్ల పోయి ఇత్తడి కనిపిస్తోంది. పిడి మా వైపు తిరిగి ఉంది, దాని కింద వర్క్‌షాపు జట్టు పేరు. నాన్న చెప్పి చెప్పి నా కళ్లలో నిలిపిన కప్పు అదే. బీరువా దగ్గరికి నడిచాను.

“తీసి చూడొచ్చా?”

“అయ్యో, మీకు పర్మిషన్ ఎందుకండీ?”

రెండు చేతులతో ఎత్తాను. అంత కప్పుకు ఉండాల్సిన బరువు లేదు. పొరపాటున మూత ఒక్కటే చేతికొచ్చిందేమో అనుకుని తిప్పాను. వెనక భాగం లేదు. అంచు నుంచి కాడ మీదుగా అడుగు పీట దాకా నిలువునా కోసేసిన సగం కప్పు నా చేతుల్లో ఉంది. మిగతా సగమని నేను చూసింది అద్దంలో దాని నీడ.

నోట్లోంచి కేక వచ్చింది. కీర్తి పరిగెత్తుకొచ్చి నన్ను పట్టుకుంది.

డేవిడ్ కప్పు జారకుండా కింద చేతులు పెట్టాడు. “అదేంటండీ, మీకు తెల్వదా? మీ సగం కోసం వచ్చారనుకున్నా నేను.”

“మా సగమేమిటి? కప్పును ఎవరు కోశారు?”

“డాడీయే. ఒకరోజు నేను ఆఫీస్ నుంచి వచ్చేసరికి గరాజ్ అంతా ఇత్తడి పొడి. ఇనుము కోసే రంపం పట్టుకుని కూర్చున్నారు, చేతులనిండా బొబ్బలు. ఏం చేస్తున్నావ్ డాడీ అని అరిచా. వాళ్లది వాళ్లకిస్తున్నా అన్నారు. అంతే, ఇంకేం చెప్పలే.”

“ఆరు నెలలు ఆగి పంపిస్తే సరిపోయేది కదా! కొయ్యడం ఏమిటి?”

“అప్పట్లో ఇద్దామనే అనుకున్నారట. ఈలోపు మిల్లు మూతపడింది, జట్టు చెల్లాచెదురైంది. ఎవరి చేతికియ్యాలో తెల్వలేదంట. అట్లా ట్రంకులో ఉండిపోయింది. మీ సగం గ్వెల్ఫ్‌లో మా అక్క రూత్ దగ్గరుంది. మిగతాదంతా అక్కకే తెలుసు. డాడీని ఇండియా తీసుకెళ్లింది తనే.”

బగారా అన్నం, మటన్ కూర వండి పెట్టాడు. ఎల్లిపాయ వాసన మా బస్తీ పెళ్లిళ్లలో వచ్చే వాసనే. కంచం పక్కకు జరిపాను. కప్పులు అమ్మే ఇంట్లో పుట్టినదాన్ని. చొట్ట పడ్డవి, పిడి విరిగినవి, దొంగలు కరిగించబోగా పట్టుకున్నవి చూశాను. పంచడానికి కోసిన కప్పును చూడలేదు.

గ్వెల్ఫ్ దారిలో

ఆదివారం కీర్తి డ్రైవ్ చేస్తే గ్వెల్ఫ్ బయలుదేరాం. గంటకు పైగా ప్రయాణం. దారంతా గోదాములు, పొలాలు, మళ్లీ గోదాములు. ఊరి మొదట్లో కాఫీ కోసం ఆగాం. నేను కప్పు గురించి కీర్తితో గొణుగుతూనే ఉన్నాను. కౌంటర్ వెనకున్న అమ్మాయి చెవి పెట్టి విన్నట్టుంది.

“ఆంటీ, మీరు తెలుగా? మాది కరీంనగర్.” ఇక్కడ చదువుతూ పార్ట్ టైమ్ చేస్తోందట. “సగానికి కోసిండ్రా నిజంగా? మా దగ్గర అన్నదమ్ములు పొలం కోసుకుంటరు గానీ కప్పు కోసుడు ఎన్నడు ఇనలే.”

“నేనూ వినలేదమ్మా.”

“ఆ సగంల ఏం పోసుకుంటరు ఆంటీ?” అని అడిగి, వెనక లైను పెరగడంతో సర్దుకుని ఇంగ్లీషులోకి మారింది. ఇంట్లో పెసరట్టు తిని ఎన్నాళ్లయిందో అని మేం వెళ్లేటప్పుడు అంది. కీర్తి తన నంబరిచ్చింది.

గ్వెల్ఫ్

లేత పసుపు రాతి కట్టడాల ఊరు అది. గుట్ట మీద పెద్ద చర్చి, కింద నది, ఎటు చూసినా వీపున సంచులతో విద్యార్థులు. రూత్ గారు వృద్ధుల ఆశ్రమంలో పనిచేసి రిటైరయ్యారు. నాకంటే రెండు మూడేళ్లు పెద్ద. తలుపు తీసి నన్ను చూడగానే చేయి నోటికి అడ్డం పెట్టుకున్నారు.

“రాములు అంకుల్ కూతురివి. ముక్కు అదే. వీడియో కాల్లో ఎన్నిసార్లు చూశానో ఆ ముక్కు!”

గడప దాటబోయినదాన్ని ఆగిపోయాను. “ఏ వీడియో కాల్?”

ఇప్పుడు ఆవిడకు షాక్. “ప్రతి ఆదివారం... అంటే మాకు శనివారం సాయంత్రం. డాడీ మా ఇంటికొచ్చి మీ నాన్నతో మాట్లాడేవారు కదా. నీకు చెప్పలేదా?”

మా నాన్న దొంగ లాజర్‌తో ఫోన్లో మాట్లాడటం! ఈవిడ ఎవరినో చూసి ఎవరో అనుకుంటోందనిపించింది. రూత్ గారు నన్ను కూర్చోబెట్టారు. లోపలికి వెళ్లి తెల్ల తువ్వాలు మూట తెచ్చి నా ఒళ్లో పెట్టారు. విప్పితే రెండో సగం. పిడి కింద మిల్లు జట్టు పేరు.

“కోసిన తర్వాత డాడీ మీ సగం పట్టుకుని ఇండియా బయలుదేరారు. నేను వెంట వెళ్లా. ఎవరినో పట్టుకుని మీ షాపు అడ్రస్ కనుక్కుని, వస్తున్నానని ముందే ఫోన్ చేశారు. నన్ను ఆటోలో కూర్చోమని తను లోపలికి పోయారు. గంట దాటినా రాలేదు. భయపడి వెళ్లి చూస్తే ఇద్దరూ ఏడుస్తున్నారు.”

“మా నాన్న ఏమన్నాడు?”

“ముందు చెడతిట్టారంట. కప్పు ఎత్తుకుపోయినందుకు కాదు, కోసినందుకు. మనిషివేనా నువ్వు, దీనికి ప్రాణం లేదనుకున్నావా అన్నారంట. తర్వాత తీసుకోనన్నారు. నీ దగ్గరే ఉండనీ లాజర్, నేను నిన్ను దొంగ అనే అంటా, ఏమనుకోకు అన్నారు. అది నేను విన్నా. డాడీ ఎందుకురా అని అడిగారు. మన మ్యాచ్ చూసినోళ్లు ఒక్కొక్కరూ పోతున్నారు. దొంగ అని తిడితేనే, ఏ కప్పు, ఏ మ్యాచ్ అని ఎవడో ఒకడు అడుగుతున్నాడు. నేను నిన్ను తిట్టడం మానేస్తే ఎవడు అడుగుతాడురా అన్నారు అంకుల్.”

నాకు ఆ రోజు గుర్తొచ్చింది. నాన్న నన్ను పనిమాలా బ్యాంకుకు పంపాడు. తిరిగొచ్చేసరికి బల్ల మీద రెండు చాయ్ గ్లాసులు, ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి. మెరుగు మిషను దుమ్ము పడిందన్నాడు. నేను గులాబీ నీళ్లు తెచ్చి కళ్లలో వేశాను కూడా. ఆదివారం పొద్దున్నే గ్రౌండుకు వెళ్లి, మెట్ల మీద కూర్చుని ఫోన్లో ఎవరినో తిడుతున్నాడని తెలిసినవాళ్లు చెబితే, వ్యాపారం గొడవేదో అనుకున్నాను.

“ఏం మాట్లాడుకునేవాళ్లు?” అని అడిగాను. 

“ఇంకేముంది, ఆ ఒక్క బాల్! లాస్ట్‌లో డాడీ కొట్టిన బాల్ మీ నాన్న పట్టుకున్నారు కదా, అది గోలు గీత దాటాక పట్టుకున్నారని డాడీ. దాటలేదని అంకుల్. ఇల్లు ఎగిరిపోయేలా అరుచుకునేవారు. డాడీ పోయిన రోజు అంకుల్‌కి నేనే ఫోన్ చేశా.  దాటిందమ్మా, మీ నాన్నే కరెక్టు అన్నారు చివరికి. తర్వాత ఎప్పుడు చేసినా ఆ నంబర్ ఎత్తలేదు. కొన్నాళ్లకి స్విచాఫ్. పోయారని అర్థమైంది. షాపు పేరు నాకు గుర్తులేదు, ఇది అట్లాగే దాచి ఉంచా.”

నేను లేచి బయటికి వచ్చేశాను. వాళ్ల ఇంటి వెనకే నది. చల్లగాలికి కళ్లు మండాయి. దుఃఖం కంటే ముందు కోపం వచ్చింది. ఏళ్ల తరబడి షాపుకు వచ్చిన ప్రతివాళ్లకూ దొంగ కథ చెప్పాను. చనిపోయిన ఒక పెద్దమనిషిని, బొబ్బలెక్కిన చేతులతో మా వాటా మాకు కోసి పెట్టిన మనిషిని, నలుగురిలో దొంగను చేశాను. నిజం తెలిసిన నాన్న పక్కనే కూర్చుని తల ఊపాడు. ఆయన్ని నేను పూర్తిగా ఎరుగుదుననుకున్నాను. ఒకే ఇంట్లో తిన్నాం, ఒకే షాపులో కూర్చున్నాం.

రూత్ గారు శాలువా తెచ్చి నా భుజాల మీద కప్పారు.

“నాకొక్క మాట చెప్పి ఉండొచ్చు కదండీ.”

“మా తమ్ముడికి డాడీ కూడా చెప్పలేదమ్మా. నేను ఆటో దిగి చూశా కాబట్టి నాకు తెలిసింది. లేకపోతే నాకూ చెప్పేవారు కాదు.”

రెండు సగాలు

మధ్యాహ్నానికి డేవిడ్ తన సగం పట్టుకుని వచ్చాడు. భోజనాల బల్ల మీద రెండూ ఎదురెదురుగా పెట్టి దగ్గరికి జరిపాం. సరిగ్గా కలవలేదు. రంపం తిన్న మందం మేర మధ్యలో సందు మిగిలింది, పోటీ పేరులో ఒక అక్షరం ఆ సందులో పోయింది. డేవిడ్ ఒక పక్క, నేను ఒక పక్క గట్టిగా అదిమి పట్టుకున్నాం. కీర్తి నవ్వుతూ అందులో నారింజ రసం పోసింది. తలా ఒక గుక్క తాగేలోపే సందులోంచి కారి మా మోచేతులు, బల్లగుడ్డ, రూత్ గారి తివాచీ తడిసిపోయాయి. ఏడ్చి ఉబ్బిన మొహాలతోనే నవ్వాం.

“దీన్ని అతికించగలరా అక్కా?” అని డేవిడ్ అడిగాడు. గారు పోయి అక్క వచ్చింది.

“సన్న పట్టీ వేసి అతికి, పూత పోయిస్తే ఎవరూ కనిపెట్టలేరు.”

అతను రూత్ గారి వైపు చూశాడు. ఆవిడ తల ఊపారు. “అయితే రెండూ తీసుకుపోండి. మీ షాపులో ఉంటే నలుగురు చూస్తారు. ఇక్కడ నేను తప్ప చూసేవాళ్లెవరు? మా పిల్లలకి ఇదొక ఓల్డ్ థింగ్” అన్నాడు డేవిడ్.

నేను సముద్రాలు దాటి వచ్చింది దాని కోసమే. పూర్తి కప్పు పైసా ఖర్చు లేకుండా చేతికొస్తోంది. నేను అప్పటికే మనసులో సైజుకు తగ్గ పెట్టె కూడా చూసుకున్నాను. కానీ నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది.

“మీ సగం మీ దగ్గరే ఉండనీ డేవిడ్.”

ఎందుకన్నానో నాకే తెలియలేదు. కీర్తి నన్ను వింతగా చూసింది. రిచ్‌మండ్ హిల్ చేరేదాకా కారులో నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను. తిరుగు ప్రయాణంలో విమానాశ్రయం అధికారి పెట్టె తెరిపించి, తువ్వాలు విప్పి, కోసిన అంచు మీద జాగ్రత్తగా వేలు పెట్టి చూశాడు. మిగతా సగం ఏదని అడిగాడు. “మార్కమ్‌లో ఉంది, క్షేమంగా ఉంది” అన్నాను. నా మొహంలో ఏం కనిపించిందో, మళ్లీ చుట్టి ఇచ్చేశాడు.

మళ్లీ సికింద్రాబాద్

వచ్చిన తర్వాతి ఆదివారం పొద్దున్నే షాపు తెరిచి, సగం కప్పును ఎక్కడ పెట్టాలా అని అరలు సర్దుతున్నాను. మెరుగు పెట్టలేదు, ఆ నలుపు అలాగే ఉంచాను. నాన్న మీద కోపం ఇంకా దిగలేదు. ఫోన్ మోగింది. కెనడా నంబరు.

“అక్కా, డేవిడ్‌ని. బాగా చేరారా?”

“చేరానయ్యా. మీరంతా బాగున్నారా?”

“బాగున్నాం.”  ఏదో అడగలేక అడుగుతున్నట్టు గొంతు సవరించుకున్నాడు. “అది సరే గానీ అక్కా, రూత్ అక్క చెప్పిందంట కదా మీకు. లాస్ట్‌కి అంకుల్ ఒప్పుకున్నారంట, బాల్ గీత దాటిందని.”

“మీ నాన్న పోయిన బాధలో అన్నమాట అది. ఒప్పుకోవడం కాదు.”

“ఒప్పుకోవడమే అక్కా. దాటింది.”

“దాటలేదు.”

“దాటిందక్కా! డాడీ కళ్లారా చూశారు.”

“మా నాన్న చేతులారా పట్టుకున్నాడు. ఆయనకు తెలియదా?” నా గొంతు లేచింది. అప్పుడే లోపలికి అడుగుపెట్టిన ఒక స్కూలు మాస్టారు గుమ్మంలో ఆగిపోయి, “ఏం దాటిందమ్మా? ఏ మ్యాచ్ సంగతి?” అన్నాడు.

ఆయన్ని కూర్చోమని సైగ చేసి, ఫోన్ రెండో చెవికి మార్చుకుని నేనూ కుర్చీ లాక్కున్నాను.